ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ నేర్పాలంటే పిల్లల్ని చేపల బజారుకు పంపండి

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ అంటే ఒక థియరీ పేపరు. గాంట్ చార్టు (ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చూపే పట్టిక) గీయమంటే గీస్తారు, పెర్ట్ (పనుల వరుస చూసి మొత్తం టైము అంచనా కట్టే పద్ధతి) లెక్క ఇస్తే చేస్తారు, పరీక్ష గట్టెక్కుతుంది. అదే పిల్లల చేతికి ఫైనలియర్ ప్రాజెక్టు వస్తే రివ్యూకి ముందు రాత్రి దాకా ఎవరికీ పట్టదు. డబ్బులిస్తే ప్రాజెక్టు కట్టి, రిపోర్టుతో సహా చేతిలో పెట్టే సెంటర్లకు ఊళ్లో కొదవ లేదు కూడా. దీన్ని పిల్లల బద్ధకం కింద కొట్టిపారేయడం తేలిక. ఆ ప్రాజెక్టు ఆగిపోతే నష్టపోయే మనిషి ఒక్కరూ లేరన్నది అసలు సంగతి. గైడ్ పెట్టిన గడువు బతిమాలితే జరుగుతుందని నాలుగేళ్లలో వాళ్లకు బాగా తెలిసిపోతుంది.

ప్రాజెక్టులో చేసే వస్తువు కోసం ఎదురుచూసే మనిషిని తెచ్చి నిలబెడితే ఈ లెక్క మారుతుంది. విశాఖలో పనిచేసే లెక్చరరు ఒక సెమిస్టర్‌లో ఇది ఎలా చేయించవచ్చో చెబుతాను. ఉదాహరణగా చేపలు కోసి అమ్మే ఆడవాళ్ల కోసం కూర్చునే బల్ల తయారీని తీసుకుంటున్నాను. మీరు రైతు బజారును తీసుకోవచ్చు, ఆటో స్టాండును తీసుకోవచ్చు, మీ కాలేజీ హాస్టల్ మెస్‌లో గిన్నెలు తోమేవాళ్ల పని అయినా తీసుకోవచ్చు. పద్ధతి ఒకటే.

ముందు మనిషిని వెతకండి

టైటిల్‌తో మొదలుపెట్టకండి. "ఐఓటీ ఆధారిత స్మార్ట్ ఫిష్ మార్కెట్" అని పేరు ముందే పెట్టేస్తే ఆ మార్కెట్లో మనుషులు ఎవరికీ కనిపించరు. సెమిస్టర్ మొదలయ్యే నెల ముందే మీరు స్వయంగా వెళ్లి మూడు నాలుగు చోట్ల మాట్లాడి రండి. ఫిషింగ్ హార్బర్ దగ్గర, పూర్ణా మార్కెట్లో, మీ కాలేజీ దగ్గరి బజారులో రోజూ అదే చోట కూర్చునే అమ్మలు ఉంటారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు "రండి, చూసుకోండి" అంటే చాలు. ఏం చేసి పెడతారో అప్పుడే మాట ఇవ్వకండి. పిల్లలు వచ్చి పని చూస్తారని, ఏదైనా పనికొచ్చేది చేయడానికి ప్రయత్నిస్తారని, కుదరకపోవచ్చని కూడా నిజం చెప్పండి. సర్వే పేరుతో వచ్చి ఫొటో తీసుకుని మళ్లీ కనిపించని కాలేజీలను వాళ్లు చాలా చూశారు.

ప్రిన్సిపాల్ సంతకంతో ఒక ఉత్తరం తీసుకుని అక్కడి సంఘం పెద్దలకో, మార్కెట్ బాధ్యులకో ఇవ్వండి. ఫొటోలకు, వీడియోలకు విడిగా అడగాలి. ఎవరో ఒక కుర్రాడు డ్రోన్ ఎగరేద్దామంటాడు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరిది, తోచినచోట డ్రోన్ లేపడం కుదరదు. ఆ ముచ్చట అక్కడితో ఆపించండి.

చోటు ఎంచుకునేటప్పుడే క్యాలెండర్ కూడా చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఇంజను లేని చిన్న తెప్పలకు మినహాయింపు ఉన్నా హార్బర్‌లో ఆ సందడి ఉండదు, చేపలు కోసేవాళ్లకు పని పడిపోతుంది. అంటే సరి సెమిస్టర్‌లో (విద్యా సంవత్సరం రెండో సగంలో) ఈ ప్రాజెక్టు పెట్టుకుంటే ఏప్రిల్ 14 లోపు పరీక్షించడం అయిపోవాలి. ఈ తేదీని ఏ హెచ్‌ఓడీ జరపలేడు. ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ పాఠానికి ఇంతకంటే మంచి గడువు మీకు దొరకదు.

టీమ్

అయిదారుగురు చాలు. ఎనిమిది మంది అయితే ముగ్గురు పనిచేస్తారు, అయిదుగురు ఆటోలో వాళ్ల వెంట ఊరికే వెళ్లి వస్తారు. మెకానికల్, సివిల్, కంప్యూటర్స్ కలిపి వేయగలిగితే వేయండి. ఒక్క అమ్మాయైనా లేని టీమును చేపల బజారుకు పంపకండి. నడుము నొప్పి గురించి, బాత్రూముకు వెళ్లలేక నీళ్లు తాగడం మానేసిన సంగతి గురించి అక్కడి ఆడవాళ్లు మగపిల్లలతో చెప్పరు. టీమ్ లీడర్ పదవి మూడు వారాలకోసారి మార్చండి. డబ్బుల లెక్క రాసేవాళ్లు మాత్రం చివరిదాకా ఒకరే ఉండాలి.

చూడటం, ఊరుకోవడం

మొదటి రెండు వారాలు పరిష్కారం అనే మాట ఎత్తకూడదని నియమం పెట్టండి. ఇది చెప్పినంత తేలిక కాదు. రెండో రోజుకే "యాప్ చేద్దాం సార్" అని వస్తారు. వద్దని వాదించక్కరలేదు. "ఆవిడ చేతులు ఎప్పుడు ఖాళీగా ఉంటాయో చూసి రండి" అనండి. తడి చేతులు, పొలుసులు అంటుకున్న వేళ్లు, కొంగున కట్టిన చిల్లర చూశాక ఫోన్ తెర మాట వాళ్లంతట వాళ్లే మానేస్తారు.

పంపే ముందు క్లాసులో జైపూర్ కాలు కథ చెప్పండి. విదేశీ కృత్రిమ పాదానికి బూటు తొడగాల్సిందే. దాంతో గొంతుక్కూర్చోలేరు, బురద పొలంలో నడవలేరు. 1968లో జైపూర్‌లో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి చేసిన పాదం మన మనిషి నేల మీద ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు అనే దగ్గర మొదలైంది. వాడేవాళ్లను మొదట్నుంచీ కలుపుకుని డిజైన్ చేయడం గురించి ఐఎస్ఓ 9241-210 అనే అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. దాని సారం పిల్లలకు ఈ కథతోనే బాగా ఎక్కుతుంది.

బజారులో ఏం చూడాలి? అక్కడ రోజు తెల్లారకముందే మొదలవుతుంది. వేలంలో సరుకు కొనడం, ఐసు కొట్టించడం, ఆటో మాట్లాడుకోవడం, చోటుకు చేరి పట్టా పరుచుకోవడం, ఆ తర్వాత కోత. ఒకరు టైము రాయాలి, ఒకరు శరీరం ఎలా వంగుతోందో గీయాలి, ఒకరు వస్తువులు లెక్కపెట్టాలి. బేరం నడుస్తున్నప్పుడు ఎవరూ నోరు విప్పకూడదు. రద్దీ తగ్గాక ప్రశ్నలు అడగాలి. "మీకేం కావాలమ్మా" అని అడిగితే "లోను ఇప్పించండి బాబూ" అనే వస్తుంది, అందులో తప్పేమీ లేదు. "నిన్న ఎన్నింటికి లేచారు", "బాగా నొప్పి పుట్టేది ఏ పని అప్పుడు", "ఈ పీట ఎక్కడ చేయించారు" లాంటి జరిగిన సంగతులు అడగమనండి. వెళ్లినప్పుడల్లా చేపలు కొనమనండి. ఆవిడ టైము ఊరికే రాదు.

ఇలా చూస్తేనే అసలు చిక్కు బయటపడుతుంది. రోజంతా కింద కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి కాబట్టి స్టూలు చేద్దామని ప్రతి టీమూ అనుకుంటుంది. స్టూలు తీసుకెళ్లి వేస్తే ఆవిడ కూర్చుని, ఒక్క నిమిషంలో లేచి, "ఏటి బాబూ, ఇంత ఎత్తున కూకుంటే కత్తిపీట ఏ కాలితో తొక్కాలి?" అంటుంది. కత్తిపీట చెక్కను కాలితో అదిమిపెడితేనే బ్లేడు కదలకుండా నిలుస్తుంది, రెండు చేతులూ చేపకు ఖాళీ అవుతాయి. ఆ అదుపు పోతే వేళ్లు తెగుతాయి. కాబట్టి ఎత్తు పెంచాలంటే మనిషినీ పీటనూ కలిపి పెంచాలి, లేదా పీటను బల్లకే బిగించాలి. బిగిస్తే నూరడానికి బ్లేడు ఎలా తీస్తుంది? సాయంత్రం ఆటోలో ఎలా వేసుకుంటుంది? రాత్రి ఎక్కడ దాస్తుంది? కోసిన నీళ్లు ఎటు పోవాలి? మామూలు ఇనుము ఉప్పునీటికి ఎన్నాళ్లు ఆగుతుంది? ఈ ప్రశ్నలన్నీ నోటుబుక్కులోకి చేరినప్పుడే మొదటి దశ అయినట్టు.

ఒక పేజీ ఒప్పందం

ఇప్పుడు టీమ్ ఒకే ఒక్క పేజీ రాయాలి. ఎవరి కోసం, ఏ ఇబ్బంది, ఏం చేసి ఇస్తాం, ఏం చేయం, ఎప్పటికి, ఎంతలో. "ఏం చేయం" అన్న వరుస ఖాళీగా ఉంటే పేజీ వెనక్కి పంపండి. ఉదాహరణకు: బల్ల ఒక్కటే చేస్తాం, ఎండకు పందిరి చేయం, ఐసు పెట్టె జోలికి పోం. బాగుందో లేదో ఎలా తేలుతుందో కూడా రాయాలి. "సౌకర్యంగా ఉండాలి" అని రాస్తే ఎవరూ కొలవలేరు. "ఆవిడ ఒక్కతే ఎత్తి ఆటోలో పెట్టగలగాలి; కోతకు ఇప్పుడు పట్టే టైము కంటే ఎక్కువ పట్టకూడదు; బ్లేడు విప్పడానికి పనిముట్లు అక్కర్లేకుండా ఉండాలి" అని రాస్తే కొలవచ్చు. ఆ పేజీని ఆవిడకు తెలుగులో చదివి వినిపించి, అవునంటేనే ముందుకు వెళ్లాలి.

గడువు నుంచి వెనక్కి లెక్క

ఇక్కడ థియరీ బయటికి తీయండి. పనిని ముక్కలు చేయడం, ఏ ముక్క దేని మీద ఆధారపడుతుందో గీయడం. పెర్ట్ 1950ల చివర్లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పుట్టించిన పద్ధతి. చేపల బల్లకు అంత సరంజామా వద్దు, క్రిటికల్ పాత్ చాలు, అంటే ఏ పనుల వరుస ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో ఆ వరుస. బోర్డు మీద ఈ లెక్క వేయించండి.

కొలతలు 3 రోజులు. అట్ట నమూనా 2 రోజులు. దాన్ని చూపించి మాటలు రాసుకోవడం 1 రోజు. ఆ తర్వాత రెండు దారులు: ఒక దారిలో పైపు తెప్పించడం 4 రోజులు, ఆటోనగర్‌లో వెల్డింగ్ 5 రోజులు, రెండో దారిలో సీటు చేయించడం 3 రోజులు. రెండూ కలిశాక బజారులో వాడి చూడటం 7 రోజులు. మొదటి దారి మొత్తం 22 పని రోజులు, రెండోది 16. అంటే సీటు పని 6 రోజులు ఆలస్యమైనా ఏమీ కాదు, వెల్డరు రెండు రోజులు రాకపోతే అప్పగింత రెండు రోజులు జరుగుతుంది. ఎవరి వెంట పడాలో, ఎవర్ని వదిలేయాలో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది.

ఆ తర్వాత అసలు ప్రశ్న అడగండి: పైపును కొలతలు రాగానే తెప్పిస్తే? నమూనా, చూపించడం కలిపి 3 రోజులు, పైపు 4 రోజులు పక్కపక్కనే నడుస్తాయి. 3, 4, 5, 7 కలిపితే 19. మూడు రోజులు మిగిలాయి. కానీ అట్ట నమూనా చూసి ఆవిడ ఎత్తు మార్చమంటే కొన్న పైపు వృథా. మూడు రోజుల కోసం ఆ డబ్బు పణంగా పెడతారా? టీమ్ వాదించుకుని తేల్చుకోవాలి, కారణం రాయాలి. సిలబస్‌లో ఫాస్ట్ ట్రాకింగ్ (ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన పనుల్ని పక్కపక్కనే నడపడం) అనే రెండు లైన్లు ఇలా చేస్తే జీవితంలో మర్చిపోరు.

22 పని రోజులంటే నాలుగున్నర వారాలే కదా అనుకుంటారు. పండగలకు ఊళ్లకు పోవడం, మిడ్ ఎగ్జామ్స్, కాలేజీ ఫెస్టు అన్నీ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో కొట్టేయమనండి. రెండు నెలలకు చేరుతుంది. ఏప్రిల్ 14 నుంచి వెనక్కి లెక్కేస్తే ఫిబ్రవరి మొదటి వారం దాటనివ్వకుండా కొలతలు మొదలవ్వాలని వాళ్లే చెబుతారు. బేసి సెమిస్టర్‌లో చేస్తే అక్టోబరు, నవంబరు తుపాన్లను లెక్కలోకి తీసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరిని ఏం చేసిందో ఇంట్లో పెద్దవాళ్లను అడగమనండి. బయట పరీక్షించే పనులు అంతకు ముందే పెట్టుకోవాలని వాళ్లకే అర్థమవుతుంది.

డబ్బు

టీముకు 5,000 రూపాయలు హద్దు పెట్టండి. అందులో 600 ఎవరూ ముట్టుకోకూడని నిల్వ, అనుకోని ఖర్చుకు. హద్దు లేకపోతే బేరమాడటం నేర్చుకోరు. ఆటోనగర్‌లో చిన్న వెల్డరు కచ్చా బిల్లు ఇస్తాడు, కాలేజీ అకౌంట్స్ వాళ్లు జీఎస్టీ బిల్లు అడుగుతారు. ఈ గొడవ పని అయ్యాక బయటపడితే పిల్లల జేబులోంచే పోతుంది. ఏ బిల్లు చెల్లుతుందో మొదటి వారంలోనే అకౌంట్స్‌కి వెళ్లి అడిగి, జవాబు రాయించుకుని రావడం డబ్బు చూసే విద్యార్థి తొలి పని.

వారం వారం

రివ్యూ ఇరవై నిమిషాలు, నిలబడి. పవర్‌పాయింట్ నిషేధం. గత వారం ఏం అన్నారు, ఏం అయింది, ఏది ఆగింది, ఆగితే ఎవరు ఎప్పుడు కదుపుతారు. "చేస్తున్నాం సార్" అనే జవాబును ఒప్పుకోకండి. పని అయింది, లేదా అవలేదు. 90 శాతం అయింది అనేది అవలేదు కిందే లెక్క. రిస్కుల పేజీ కూడా ప్రతిసారీ తిరగేయాలి: వెల్డరు ఊరెళ్తే, ఆవిడకు ఒంట్లో బాగోకపోతే, ప్లేస్‌మెంట్ డ్రైవ్ వచ్చి ఇద్దరు మాయమైతే. ఒక్కోదాని ఎదురుగా ఒక పేరు ఉండాలి.

ఆలస్యమైన సంగతి ఆవిడకు చెప్పే బాధ్యత మీరు తీసుకోకండి. టీమ్ లీడరే వెళ్లి, "అమ్మా, ఈ వారం తెస్తామన్నాం, కుదరలేదు, వచ్చే మంగళవారం తెస్తాం" అని చెప్పాలి. మీ ముందు అవలీలగా సాకులు చెప్పే కుర్రాడు ఆవిడ ముందు నీళ్లు నములుతాడు. ఆ తర్వాతి వారం అతను వేసే ప్లానులో తేదీలు నిజాయితీగా ఉంటాయి.

అట్టతో మొదలు

ముందు పాత కార్టన్ అట్టలు, ఇటుకలు, చెక్క ముక్కలతో ఎత్తు, వెడల్పు తేల్చండి. క్యాడ్‌లో (కంప్యూటర్‌లో డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్) అందంగా తిప్పి చూపించిన బొమ్మ ఆవిడకు ఏమీ చెప్పదు. అట్ట మీద కూర్చుని "ఇంకో రెండు వేళ్లు దించు" అంటే ఆ రెండు వేళ్లు డిజైన్‌లోకి వస్తాయి. పైగా బాగా నునుపు చేసి తెస్తే మొహమాటానికి "బాగుంది బాబూ" అనేస్తారు. అతుకులబొంతలా ఉంటేనే తప్పులు ధైర్యంగా చెబుతారు.

వాడి చూసేటప్పుడు పిల్లలు ఎలా వాడాలో చెప్పకూడదు. ఆవిడ తికమకపడిన చోటే డిజైన్ లోపం. ఎంతమందితో చూడాలి? అయిదుగురితో పరీక్షిస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని వెబ్‌సైట్ల వాడుక తీరు నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో చెప్పిన మాట ప్రసిద్ధం. ఆయన చెప్పింది ముఖ్యంగా వెబ్‌సైట్ల గురించి, అదీ లోపాలు వెతకడానికే. అయిదుగురిలో నలుగురికి నచ్చిందని "80 శాతం సంతృప్తి" అని రిపోర్టులో రాస్తే కొట్టేయండి.

మార్పు అడిగితే

అడుగుతారు. వెల్డింగ్ అయ్యాక "పక్కన ఐసు పెట్టె పట్టేలా చేస్తే బాగుండేది" అంటారు. పిల్లలు మొహమాటపడి సరే అనేసి వస్తారు, వారం పోతుంది. దీనికి చిన్న చీటీ పద్ధతి పెట్టండి: ఏం మార్పు, ఎన్ని రోజులు, ఎన్ని రూపాయలు, దీనికోసం ఏది వదులుకోవాలి. ఆ చీటీ పట్టుకెళ్లి ఆవిడతోనే మాట్లాడాలి. "ఇది చేస్తే బల్ల వేట నిషేధం ముందు రాదమ్మా" అంటే "అయితే ఒగ్గీండి, బల్ల తెండి" అనవచ్చు. లేదా ఐసు పెట్టే ముఖ్యం అనవచ్చు, అప్పుడు ఒప్పంద పేజీ తిరగరాయాలి. రెండూ సరైన జవాబులే.

అప్పగింత

శాలువా, ఫొటో, పేపరు క్లిప్పింగు కార్యక్రమం పెట్టాలని మేనేజ్‌మెంట్ సరదా పడుతుంది. పెట్టుకోనివ్వండి. కానీ బల్ల ఇచ్చేసి రావడాన్ని అప్పగింత అనుకోవద్దు. బోల్టు ఊడితే ఏ సైజుది కొనాలి, తుప్పు పడితే ఏం రాయాలి, వెల్డు విరిగితే దగ్గర్లో ఎవరు అతుకుతారు అనేవి బొమ్మలతో ఒక కాగితం మీద ఉండాలి. రెండు వారాలయ్యాక మళ్లీ వెళ్లి చూడాలి. బల్ల మూలన పడి ఉండి ఆవిడ కిందే కూర్చుని కోస్తుంటే, ఆ సంగతి ఉన్నదున్నట్టు రిపోర్టులోకి ఎక్కాలి, ఎందుకో కూడా.

ఒక సెమిస్టర్‌లో పూర్తికానిది తర్వాతి బ్యాచ్‌కి అందేలా ఫైలు ఉంచండి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 1995లో మొదలైన ఎపిక్స్ అనే సమాజసేవ ఇంజనీరింగ్ కార్యక్రమంలో ప్రాజెక్టులు సెమిస్టర్లు దాటి నడుస్తాయి, విద్యార్థులు మారుతుంటారు. మన దగ్గర ప్రతి ఏడూ కొత్త టైటిల్ కావాలనే పట్టింపు దీనికి అడ్డు. అదే బల్లను రెండో బ్యాచ్ తేలిక చేస్తే అదీ ప్రాజెక్టే అని డిపార్ట్‌మెంటులో ముందే ఒప్పించుకోండి.

మార్కులు

నూటికి ఇలా పంచవచ్చు: పరిశీలన, ఒక పేజీ ఒప్పందం 20, ప్లాను, వారపు రికార్డులు, డబ్బు లెక్క 25, నమూనా, పరీక్ష 25, అప్పగింత, తిరిగి చూడటం 15, ఒక్కొక్కరి నోటుబుక్కు, తోటివాళ్ల అంచనా 15. వస్తువు బాగా పనిచేసినందుకని విడిగా మార్కులు పెట్టలేదు, గమనించండి. పెడితే మొదటి రోజు నుంచే తేలికైన సమస్య వెతుక్కుంటారు, విఫలమైతే దాచిపెడతారు. అలాగే ఆవిడ చేత మార్కులు వేయించకండి. పిల్లల మీద జాలితో పదికి పది ఇస్తుంది.

ఎన్‌బీఏ (ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) ఫైలు సంగతికొస్తే, ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్ (కోర్సు అయ్యేసరికి విద్యార్థికి రావాల్సిన నేర్పులు) జాబితాలో ప్రాజెక్టు మేనేజ్‌మెంట్, ఫైనాన్స్ ఒకటి. చాలా కాలేజీల్లో దీనికి ఆధారంగా ఒక పరీక్ష ప్రశ్న చూపించి ఊరుకుంటారు. మీ దగ్గర తేదీలు కొట్టేసి దిద్దిన ప్లాన్లు, మార్పు చీటీలు, బిల్లులు ఉంటాయి. వాటిని అందంగా తిరిగి టైపు చేయించకండి, చేత్తో దిద్దిన అసలు కాగితాలే ఫైలులో పెట్టండి. వైవాలో ఏదో ఒక వారం కాగితం తీసి, "ఈ తేదీ ఎందుకు మారింది?" అని టీములో అందరికంటే తక్కువ మాట్లాడే విద్యార్థిని అడగండి.